వరాహ నదికి నీళ్లెక్కడివి?

పెరియకుళానికి ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్ల దూరంలో కుంబక్కరై జలపాతం ఉంది. సెలవు రోజుల్లో మదురై, దిండిగల్, తేని వైపు నుంచి జనం పిల్లాపాపలతో స్నానాలకు వస్తారు. నెత్తిమీద ఎండ కాస్తూ ఉంటుంది, చుట్టుపక్కల చినుకు జాడ ఉండదు. అలాంటి పూట కూడా అటవీశాఖ సిబ్బంది ఒక్కోసారి అందరినీ నీళ్లలోంచి లేపి గట్టెక్కిస్తారు. చూస్తుండగానే బండల మీద తేటగా జారే ధార ఎర్రబడుతుంది, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తాయి, అప్పటిదాకా పిల్లలు కూర్చున్న బండ నురగ కింద మునిగిపోతుంది. వాన పడింది ఇక్కడ కాదు, పైన కొడైకెనాల్ కొండల మీద. పెరియకుళం సముద్రమట్టానికి సుమారు 280 మీటర్ల ఎత్తున ఉంటే, ఆ కొండలు రెండు వేల మీటర్లు దాటి ఉంటాయి. అంత ఎత్తు నుంచి నీరు నిటారు వాలులో దిగడానికి ఎంతోసేపు పట్టదు.

ఈ ఊరి నీటి సంగతంతా ఆ ఎత్తులోనే ఉంది. కొండల్లో పుట్టిన వరాహ నది పెరియకుళాన్ని తెన్‌కరై, వడకరై అని రెండు పేటలుగా విడదీసి పారుతుంది. ఊరికి ఎగువన ఆ నది మీద సోత్తుపారై ఆనకట్ట ఉంది. ఊరి తాగునీటికి ఇంకా పైన, కొండమీది బెరిజం సరస్సు కూడా ఆధారం. మ్యాపులో గీత గీస్తే బెరిజానికీ పెరియకుళానికీ మధ్య ఇరవై కిలోమీటర్లు కూడా లేవు. ఆ కాస్త దూరంలో చలిమంట కావాల్సిన వాతావరణం నుంచి మామిడి తోటల వేడికి దిగొస్తాం. 1914లో మోటారు రోడ్డు పడకముందు కొడైకెనాల్ ఎక్కేవాళ్లు ఈ వైపు నుంచే, కృష్ణమ్మ నాయకర్ తోపు దగ్గర మొదలయ్యే గుర్రపుబాట పట్టేవారు. ఆ తోపు పేరులోనే ఈ నేలకు నాయకరాజుల కాలం నుంచి ఉన్న తెలుగు సంబంధం కనిపిస్తుంది. చుట్టుపక్కల కమ్మవారి ఇళ్లలో, రాజకంబళం నాయకర్ల ఇళ్లలో తమిళం కలగలిసిన తెలుగు ఇంకా వినిపిస్తుంది.

సరే, వరాహ నదికి నీళ్లెక్కడివి? వానవి అంటాం. ఆ జవాబు మనకిప్పుడు తేలికగా ఉంది గానీ, పదిహేడో శతాబ్దం దాకా యూరప్ పండితులు చాలామంది దాన్ని నమ్మలేదు. కొద్ది నెలలు పడి ఆగిపోయే వాన ఏడాది పొడవునా నదిని ఎలా నడపగలదన్నది వాళ్ల అనుమానం. సముద్రపు నీరే భూమి లోపలి సొరంగాల గుండా కొండలెక్కి, ఉప్పు వదిలేసి, ఊటలుగా బయటికి వస్తుందని వాళ్లు బొమ్మలు గీసి మరీ చెప్పారు. 1674లో పియేర్ పెరో అనే ఫ్రెంచివాడు కొలిచి చూశాడు. సేన్ నది ఎగువ పరీవాహక ప్రాంతంలో ఏడాదిలో పడ్డ వాన ఎంత, నదిలో పారిన నీరెంత అని లెక్క కట్టాడు. నదిలో పారింది వానలో ఆరో వంతే! సొరంగాల అవసరమే లేకపోయింది. కానీ అంతకన్నా పెద్ద ప్రశ్న పుట్టుకొచ్చింది: మిగతా అయిదు వంతులూ ఏమయ్యాయి?

ఆ అయిదు వంతుల కథ మన కంటికి కనబడనిది, అసలు కథ కూడా అదే.

భూమ్మీది నీరంతా కలిపితే సుమారు 138 కోట్ల 60 లక్షల ఘనపు కిలోమీటర్లు. అందులో మంచినీరు నూటికి రెండున్నర వంతులు. ఆ మంచినీటిలో మూడింట రెండు వంతులకు పైగా ధ్రువాల దగ్గరా, మంచుకొండల మీదా గడ్డకట్టి ఉంది. మిగిలినదాంట్లో దాదాపు అంతా భూగర్భంలో ఉంది. ప్రపంచంలోని నదులన్నిటిలో ఏ క్షణాన చూసినా ఉండే నీరు రెండు వేల ఘనపు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. గాలిలో ఆవిరిగా ఉన్నది సుమారు 12,900 ఘనపు కిలోమీటర్లు. అంటే గంగా గోదావరులు, అమెజాన్, నైలు అన్నీ కలిపినా, వాటికి ఆరు రెట్ల నీరు మన తలల మీద తేలుతోంది.

ఆ ఆవిరంతా ఒక్కసారిగా కురిస్తే భూమి నిండా అంగుళం లోతు నీరు నిలుస్తుంది. అంతే. కానీ ప్రపంచమంతటా ఏడాదిలో పడే వాన సగటున మీటరు దాటుతుంది. అంటే ఆకాశం ఏడాదికి నలభైసార్లకు పైగా ఖాళీ అయి మళ్లీ నిండుతోంది. సముద్రంలో పడ్డ నీటి చుక్క మళ్లీ పైకి లేవడానికి సగటున మూడు వేల ఏళ్లు పడుతుంది, గాలిలోకి చేరితే మాత్రం ఎనిమిది, తొమ్మిది రోజులకు మించి నిలవదు.

ఏటా సముద్రాల నుంచి అయిదు లక్షల ఘనపు కిలోమీటర్ల నీరు ఆవిరవుతుంది. చాలాభాగం తిరిగి సముద్రం మీదే కురుస్తుంది. గాలులు నేల మీదికి మోసుకొచ్చేది 45 వేల ఘనపు కిలోమీటర్లు మాత్రమే. అయినా నేల మీద పడే వాన 1,19,000 ఘనపు కిలోమీటర్లు. మిగతాది నేలే ఇస్తోంది: తడి మట్టి, చెరువులు, అన్నిటికన్నా ఎక్కువగా చెట్ల ఆకులు. నేల మీద పడ్డ వానలో నూటికి అరవై వంతులకు పైగా నది మొహం చూడకుండానే ఆకాశానికి తిరిగిపోతుంది. పెరో లెక్కలో తప్పిపోయిన నీరు ఇదే.

ఇప్పుడు పెరియకుళానికి వద్దాం. ఇక్కడ రెండు సముద్రాల నీరు కురుస్తుంది, కానీ రెండూ ఒకే తీరున కురవవు.

జూన్‌లో దక్షిణ హిందూ మహాసముద్రపు గాలులు ఆఫ్రికా తూర్పు తీరం పక్కన భూమధ్యరేఖ దాటి, సోమాలియా దగ్గర కుడివైపు తిరిగి అరేబియా సముద్రం మీదుగా మన వైపు దూసుకొస్తాయి. సుమారు కిలోమీటరున్నర ఎత్తున సాగే ఆ ఉద్ధృతమైన గాలివాలును 1969లో ఫిండ్‌లేటర్ అనే బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త వివరంగా చిత్రించాడు. తడిగాలి పడమటి కనుమలకు తగిలి పైకి లేస్తుంది, పైకి లేస్తే వ్యాకోచించి చల్లబడుతుంది, చల్లబడితే ఆవిరిని మోయలేదు. మున్నార్, దేవికుళం వైపు రోజుల తరబడి వాన దంచుతుంది. ఆ శిఖరాలు దాటి తూర్పుకు దిగే గాలి మళ్లీ ఒత్తిడికి కుంచించుకుని వేడెక్కుతుంది, పొడిబారుతుంది. జూలైలో తేని జిల్లాలో నిలబడి పడమటికి చూస్తే కొండల నెత్తిన నల్లటి మబ్బు కదలకుండా కూర్చుని ఉంటుంది. ఇవతల హోరుమని గాలి, తుంపర, ఆండిపట్టి వైపు గాలిమరలు జోరుగా తిరగడం, అంతే. మబ్బు కనిపిస్తుంది గానీ వాన అందదు.

అక్టోబరులో గాలి మళ్లుతుంది. ఈసారి ఈశాన్యం నుంచి, బంగాళాఖాతం తడితో వస్తుంది. అల్పపీడనాలూ వాయుగుండాలూ దాన్ని లోపలికి తోస్తాయి. కొండల తూర్పు వాలు ఇప్పుడు గాలికి ఎదురుగా నిలబడుతుంది. తమిళనాడు ఏడాది వానలో దాదాపు సగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేదే. కోస్తాంధ్ర రైతుకు తుఫాను భయం పుట్టించే నెలలే ఇక్కడి రైతుకు చెరువు నింపే నెలలు.

ఈ రెండు వానలనూ ప్రయోగశాలలో వేరుచేసి చెప్పొచ్చు. నీటిలోని ఆక్సిజన్ పరమాణువుల్లో అయిదు వందలకు ఒకటి చొప్పున కాస్త బరువైనది ఉంటుంది. బరువైన ఆక్సిజన్ ఉన్న నీరు ఆవిరి కావడంలో వెనకబడుతుంది, వానగా దిగడంలో ముందుంటుంది. ప్రయాణంలో కురుస్తూ వచ్చిన మేఘంలో చివరికి తేలికనీటి పాలు పెరుగుతుంది. దక్షిణ భారతంలో ఈశాన్య రుతుపవనాల వాన, నైరుతి వాన కన్నా ఈ లెక్కలో తేలికగా ఉంటుంది. అందుకే బావి నీటిని పరీక్షించి, దాన్ని నింపింది ఏ కాలపు వానో శాస్త్రజ్ఞులు అంచనా వేయగలుగుతున్నారు.

వానతో దిగేది నీరొక్కటే కాదు. సముద్రం మీద నీటిని ఆవిరి చేయడానికి సూర్యుడు ఖర్చుపెట్టిన వేడి ఆ ఆవిరిలో దాగి వచ్చి, మబ్బు కట్టేటప్పుడు బయటపడుతుంది. ఒక్క చదరపు కిలోమీటరు మీద 100 మిల్లీమీటర్ల వాన పడిందంటే, ఆ మబ్బుల్లో దాదాపు 7 కోట్ల యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి విడుదలైనట్టు. ఉరుముల మబ్బును పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు ఎగదోసేది ఆ వేడే.

కొండ మీద పడ్డ వాన కింది దాకా ఎలా వస్తుందన్నది ఇంకో కథ. కుంబక్కరై వరద లాగా అంతా ఒక్కసారే దిగిపోతే జనవరి నాటికి వరాహ నదిలో ఇసుకే మిగలాలి. ఈశాన్య వానలు ఆగిన తర్వాత కూడా వాగుల్లో పారేది, నేల దాచుకుని నెమ్మదిగా వదిలే నీరు. కొడైకెనాల్ ఉన్న ఈ పళని కొండల మీద ప్రకృతి పరిచింది రెండే రకాల పచ్చదనం: గుట్టల వీపుల మీద గడ్డి, లోయ మడతల్లో షోలా అనే పొట్టి చెట్ల చిక్కటి అడవి. వంగి చూస్తే గడ్డి కుదుళ్ల కింద మట్టి నల్లగా, కుళ్లిన వేళ్లూ ఆకులతో మెత్తగా ఉంటుంది. వానచుక్క దాని మీద దెబ్బలా పడదు, గడ్డి పోచల వెంట జారి మట్టిలోకి ఇంకుతుంది. లోయల్లోకి ఊరి, షోలా నీడన వాగవుతుంది.

తెల్లదొరల కాలంలో మొదలై, స్వాతంత్ర్యం వచ్చాక ఇంకా జోరుగా, ఆ గడ్డి నేలల్లో తుమ్మజాతి వాటిల్ చెట్లు, యూకలిప్టస్, పైన్ నాటారు. తోలు పరిశ్రమకు చెట్టు బెరడు కావాలి, ఫ్యాక్టరీలకు గుజ్జు కావాలి. గడ్డి నేలంటే పనికిరాని బీడని అధికారులు లెక్కవేశారు. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2018లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, 1973 నుంచి 2014 దాకా పళని కొండల గడ్డిభూముల్లో మూడింట రెండు వంతులు మాయమయ్యాయి. వాటి స్థానంలో ఎక్కువగా ఈ తోటలూ, సాగూ వచ్చాయి.

చెట్లు పెరిగితే నీళ్లు పెరుగుతాయని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. కొండ గడ్డిభూముల విషయంలో ఇది నిజం కాదు. నీలగిరుల్లో గ్లెన్‌మోర్గన్ దగ్గర పక్కపక్కనే ఉన్న రెండు చిన్న పరీవాహక ప్రాంతాలను ఎంచుకుని, ఒకదాన్ని గడ్డిగానే ఉంచి, ఇంకోదాంట్లో యూకలిప్టస్ చెట్లు వేసి ఏళ్ల తరబడి వాగులను కొలిచారు. మొదటి పదేళ్ల విడతలో చెట్లున్న వైపు నీటి పారుదల 16 శాతం తగ్గింది. నరికాక మోళ్ల నుంచి చిగిర్చిన రెండో విడతలో నాలుగో వంతు తగ్గింది. ఆ నీరు ఎక్కడికీ పోలేదు, ఆకుల గుండా గాలిలో కలిసింది. భూగోళం లెక్కలో అది నష్టం కాదు, కానీ దిగువన తూము దగ్గర కూర్చున్న రైతుకు పచ్చి నష్టం. చెట్టు ఎక్కడ నాటాలన్నది ఎన్ని నాటాలన్నదానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

కొండ నుంచి దిగే నీరు అక్కడ మనం వదిలినదాన్ని కూడా తెస్తుంది. కొడైకెనాల్‌లో పాంబార్ షోలా అంచున నడిచిన ఒక థర్మామీటర్ల ఫ్యాక్టరీ, పాదరసం అంటిన గాజు వ్యర్థాలు బయటపడటంతో 2001లో మూతపడింది. ఆ షోలాలో పుట్టే నీరు దిగేది కుంబక్కరై వైపే.

దిగిన నీటిని ఆపి వాడుకోవడంలో దక్షిణాదికి వెయ్యేళ్లకు పైబడిన చదువుంది. 1369లో కడప సీమలోని పోరుమామిళ్లలో, బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి శాసనం వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. ఆ శాసనంలో మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలున్నాయి: నీటిశాస్త్రం తెలిసినవాడుండాలి, గట్టినేల ఉండాలి, దూరం నుంచి పారి వచ్చే మంచినీటి ఏరుండాలి, కట్టకు రెండువైపులా కొండలుండాలి, ఇలా. ఆరు దోషాలు కూడా చెప్పారు. కట్టలోంచి నీరు కారడం, చవిటి నేల, చెరువు మధ్యలో మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు చాలకపోవడం, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. విజయనగరం నాయకులు మదురై సీమకు తరలివచ్చినప్పుడు ఈ మెలకువలున్న లోకంలోంచే వచ్చారు. బోడినాయకనూరు జమీందారుల పూర్వులది కరువులకు పేరుపడ్డ గుత్తి ప్రాంతమని వాళ్ల వంశచరిత్ర చెబుతుంది. తమిళ సీమలో అప్పటికే గట్టి చెరువుల వ్యవస్థ ఉంది. పొలాలకు వంతులవారీగా నీరు వదిలే నీరుకట్టి అక్కడా ఉన్నాడు, మన ఊళ్లలో నీరటికాడిలాగే. వచ్చినవాళ్లు దాన్ని చేపట్టి పెంచారు. తిరుమల నాయకుడు 1645లో మదురైలో తవ్వించిన వండియూరు తెప్పకుళానికి వైగై నది నుంచి నీరు వస్తుంది.

శాసనం చెప్పిన దోషాల్లో ఒకటైన సరిహద్దు సంగతి అయిదు వందల ఏళ్ల తర్వాత ఈ కొండల్లోనే మళ్లీ తలెత్తింది. కనుమల అవతల పెరియార్ నది నిండుగా పారి అరేబియా సముద్రంలో కలుస్తుంటే, ఇవతల వైగై లోయ ఎండిపోయేది. ఆ నీటిని తూర్పుకు తిప్పే వీలుందేమో చూడటానికి 1789లోనే రామనాథపురం మంత్రి ముత్తు ఇరుళప్ప పిళ్లై మనుషుల్ని పంపాడు. 1876–78 నాటి మహాకరువు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం కదిలింది. 1886 అక్టోబరు 29న తిరువాన్కూరుతో 999 ఏళ్ల కౌలు ఒప్పందం కుదిరింది. జాన్ పెన్నిక్విక్ అనే ఇంజనీరు అడవి జ్వరాలకూ వరదలకూ ఎదురొడ్డి, సున్నం, సుర్కీ అనే ఇటుక పొడి వాడి ఆనకట్ట కట్టి, కొండలో 5,704 అడుగుల సొరంగం తొలిపించాడు. 1895 అక్టోబరు 10న గవర్నరు వెన్లాక్ దాన్ని ప్రారంభించాడు. పడమటికి పోవలసిన నది తూర్పుకు తిరిగింది. సముద్రపు నీరు సొరంగాల గుండా కొండ దాటుతుందన్న పాత యూరప్ ఊహ తప్పే గానీ, ఇక్కడ మాత్రం అరేబియా సముద్రపు వాన నిజంగానే సొరంగం గుండా కొండ దాటుతోంది.

ముల్లైపెరియార్ అని పిలిచే ఈ ఆనకట్ట నీరు కంబం లోయలో రెండు కార్ల వరి పండించి, 1959లో కట్టిన వైగై ఆనకట్టకు చేరుతుంది. పెన్నిక్విక్ పుట్టినరోజు జనవరి 15న ఈ లోయ రైతులు ఆయన పటానికి పొంగలి పెడతారు. ముల్లైపెరియార్ ఆనకట్ట మాత్రం కేరళ నేల మీద ఉంది, నీరు తమిళనాడుది. నీటిమట్టం ఎంతదాకా నిలపాలన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2014లో 142 అడుగులకు అనుమతి వచ్చింది. తగాదా ఇంకా చల్లారలేదు. ఆనకట్ట దిగువన ఉండే కేరళ జనం భయాన్నీ, ఇవతలి రైతు అక్కరనూ రెండింటినీ నిజమని ఒప్పుకోకుండా అది తేలదు.

వరాహ నదీ చివరికి వైగైలోనే కలుస్తుంది. వైగై 258 కిలోమీటర్ల నది. తేని, మదురై, శివగంగ మీదుగా వందల చెరువులకు పంచుకుంటూ పోయి, రామనాథపురం పెద్ద చెరువులో ఆగిపోతుంది. మిక్కిలి వరద వచ్చిన ఏళ్లలో తప్ప దాని నీరు సముద్రం చూడదు. మరి ఆ నీరంతా ఏమైంది? కిలో వడ్లు పండటానికి సగటున 2,500 లీటర్ల నీరు పొలానికి కావాలి. ఆ నీటిలో చాలాభాగం వరి ఆకుల మీదుగా, మడిలోంచి ఆకాశానికి లేస్తుంది. కొంత భూమిలోకి దిగి బావుల్లో తేలుతుంది. వైగై సముద్రానికి పోయే దారి నేలమీద లేదు, గాలిలో ఉంది.

భూమిలోకి దిగే ఆ కొంత నీటినే ఇప్పుడు మనం విపరీతంగా తోడుతున్నాం. భారతదేశం ఏటా తీసే భూగర్భజలం సుమారు 240 ఘనపు కిలోమీటర్లు, ప్రపంచంలో ఇంకే దేశమూ ఇంత తోడదు. పైగా గాలి వేడెక్కుతోంది. ఒక్కో డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. అంటే వాన పడితే కుంభవృష్టి, పడకపోతే నేలను పీల్చే ఎండ. ఒక్క రాత్రిలో కురిసి పోయే వానను పట్టుకోవాలంటే కొండమీద గడ్డి ఉండాలి, కింద పూడిక లేని చెరువు ఉండాలి, ఆ రెంటి మధ్యా మూసుకుపోని వాగు ఉండాలి.

రైతులే చెరువును బాగుచేసుకునే పాత పద్ధతిని, కుడిమరామత్తును, తమిళనాడు ప్రభుత్వం 2017లో మళ్లీ మొదలుపెట్టింది. మంచి పని. అయితే కట్ట, తూము, అలుగు సరిచేసి ఊరుకుంటే చాలదు. పెరియకుళం వాళ్లయినా, పోరుమామిళ్ల వాళ్లయినా, ఈ వానాకాలంలో ఒకసారి మీ చెరువులోకి వచ్చే వాగు వెంట ఎగువకు నడిచి వెళ్లండి. దారిలో ఎక్కడ ఇల్లు అడ్డం లేచిందో, ఎక్కడ మట్టి పోశారో, ఏ గుట్ట మీద గడ్డి పోయిందో రాసుకుని, వచ్చే గ్రామసభలో చదివి వినిపించండి.